ఇస్త్రీ చేయని చేతులు

ముక్కూ మొహం తెలియని పిల్లలు ఎక్కడెక్కడో కూర్చుని మా అత్తయ్య చేతులతో తుపాకీ పేలుస్తున్నారు. ఈ మాట చెబితే ముందు నన్ను ఎగాదిగా చూస్తారు, తర్వాత మా అత్తయ్యని చూస్తారు. ఆవిడేమో ఏ మాత్రం మొహమాటపడదు. "అవునండీ, నావే. కుడిచేతి బొటనవేలు చూడండి, కాస్త వంకర. కత్తెర పట్టీ పట్టీ అలా అయింది" అని చెయ్యి చాపి మరీ చూపిస్తుంది. ఇప్పుడింత ధీమాగా చాపుతోంది గానీ, ఒక ఎండాకాలమంతా ఆ చెయ్యి ఎవరి కంటా పడకుండా దాచుకుంది. ఆ కాలం ఎలా గడిచిందో మా ఇంట్లో వాళ్ళకే తెలుసు.

నేనొక వీడియో గేముల కంపెనీలో పనిచేస్తాను. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు, టైర్ల దుకాణం మీద ఒక అంతస్తు. బొమ్మలకి కదలిక తెప్పించడం నా పని. ఆ యేడు మాకు ‘నక్షత్రాల రేవు’ దొరికింది. టీవీలో ఏళ్ళ తరబడి వచ్చిన సీరియల్ అది. నడి ఆకాశంలో దారి తప్పిన ఓడ, అందులోకి చొరబడే బూడిదరంగు శత్రువులు, సైనికులందరూ పోయాక మిగిలిన ఒకే ఒక్క ఆడమనిషి. ఆవిడ ఆ ఓడలో మరమ్మతులు చేసే మనిషి. పానా పట్టుకోవాల్సిన చేత్తో తుపాకీ పట్టుకోవాల్సి వస్తుంది. జనం ఆవిణ్ణి ఇంజనీరమ్మ అని పిలుచుకునేవాళ్ళు. ఆ సీరియల్‌ని తుపాకీ ఆటగా మార్చే పని మాది.

ఈ రకం ఆటలో ఆడేవాడే ఇంజనీరమ్మ. ఆమె కళ్ళలోంచే చూస్తాడు కాబట్టి ఆమె మొహం వాడికి కనపడదు. తెర అడుగు నుంచి పైకొచ్చిన రెండు చేతులు, వాటిలో తుపాకీ, అంతే. మొదటినుంచి చివరిదాకా వాడి కళ్ళ ముందుండేవి ఆ చేతులే. సీరియల్లో వేసిన నటి గొంతు ఇచ్చింది, ఫొటోలు ఇచ్చింది, చేతుల సంగతి మాత్రం మీరే చూసుకోండి అని వెళ్ళిపోయింది. మేం ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరం చేతులిచ్చి చూశాం. అందరివీ టైపు కొట్టే చేతులే. మా బాసుకి ఒక్కటీ నచ్చలేదు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఇంకోసారి సారు. ఎంత చచ్చీ చెడీ చేసి చూపించినా ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే.

పని జరిగే తీరు ఇది. వేలివేలికీ సన్నటి తీగలు కుట్టిన గ్లౌజులుంటాయి. అవి తొడుక్కుని చెయ్యి కదిపితే ఆ కదలిక గీతలుగా కంప్యూటర్లోకి వస్తుంది. ఆ గీతల్ని నేను తెరమీది చేతులకి తగిలిస్తాను. గీతల్లో ఎప్పుడూ కాస్తో కూస్తో గరగర ఉంటుంది, తీగలు రాసుకుంటాయి, గ్లౌజు జారుతుంది. అందుకని రాగానే వాటిని నున్నగా సాపుచేసే ప్రోగ్రాం ఒకటుంది. ఆఫీసులో దానికి ఇస్త్రీ అని పేరు. ఇస్త్రీ అయ్యాకే ఎవరైనా చూసేది. నలిగిన గీతల్ని చూసే ఓపిక మాలో ఎవరికీ లేదు.

అప్పటికి ఎండలు ముదురుతున్నాయి. ఒక సెలవు రోజు లాప్‌టాప్ ముందేసుకుని మా ఇంటి ముందు గదిలో కూర్చున్నాను. ముందు గదంటే మా అత్తయ్య కుట్టు దుకాణం. మామయ్యగారు పోయాక ఆ గదిలోనే, ఆ మిషను మీదే, మా ఆయన్ని పెంచి పెద్దచేసింది. మా ఆయన ఇప్పుడు పార్సిళ్ళ వ్యాను నడుపుతాడు. అత్తయ్యకి ‘నక్షత్రాల రేవు’ అంటే ప్రాణం. మిషనుకి ఎదురుగా టీవీ పెట్టించుకుని, కాలు ఆపకుండా ఏళ్ళ తరబడి చూసిన మనిషి. నా వెనక నిలబడి తెరలోకి తొంగి చూసింది.

"ఎవరే ఈ దద్దమ్మ?"

"ఇంజనీరమ్మే అత్తయ్యా."

"ఈవిడా? ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా వచ్చినట్టు లేదు ఈవిడకి! వస్తువు పట్టుకుంటే అలా కొయ్యబారిపోతుందా చెయ్యి? పని తెలిసిన చెయ్యి సగం వదులుగా ఉంటుంది. ఇలా చూడు."

మిషనుకి నూనె పోసే డబ్బా తీసి తుపాకీలా పట్టుకుంది. తుపాకీలో గుళ్ళ డబ్బా మార్చడం ఎలా ఉండాలో చూపిస్తానంటూ మిషను కిందికి చెయ్యి పోనిచ్చి, అటు చూడకుండానే దారం అయిపోయిన బాబిన్ లాగేసి కొత్తది టక్కున పెట్టింది. నేను ఫోన్లో తీసుకున్నాను.

మర్నాడు ఇంకోసారి సారు ఆ వీడియో చూసి కుర్చీలోంచి లేచాడు. "ఎవరివమ్మా ఈ చేతులు?"

"మా అత్తయ్యవి సార్. టైలరు."

"వెంటనే తీసుకురా" అన్నాడు. అని ఊరుకుంటే ఆయనెలా అవుతాడు? "ఏదీ, ఇంకోసారి చూపించు" అన్నాడు.

అత్తయ్య ఒప్పుకుంటుందని నాకేం ఆశ లేదు. ఎండాకాలమంటే బడి యూనిఫారాల కాలం. ఆ రోజుల్లో ఆవిణ్ణి పలకరించాలన్నా భయమేసేది, గది నిండా నీలం గుడ్డా తెల్ల గుడ్డా గుట్టలుగా పడి ఉండేవి. అడగ్గానే "సరే, వస్తాలే" అంది. నేను నోరు తెరిచాను.

"మరి యూనిఫారాలో?"

"ఈ యేడు తీసుకోలేదు. పక్క వీధి వాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. ఎన్నేళ్ళని చస్తాం ఈ ఎండల్లో?"

"మంచి పని చేశావమ్మా" అన్నాడు మా ఆయన. నేనూ మంచిదే అనుకున్నాను. నా పని గట్టెక్కింది కదా అన్న సంబరంలో మరో ప్రశ్న వెయ్యలేదు.

అత్తయ్య మా ఆఫీసులో అడుగుపెట్టిన రోజు చూడాలి! చెక్కతో చేసిన ఉత్తుత్తి తుపాకీ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం తుపాకీ? తలుపు గడియలా ఉంది. ఇంజనీరమ్మ తుపాకీకి కింద ఒక పిడి ఉంటుంది. వెల్డింగు మిషను విప్పి చేసుకుంది కదా, మూడో భాగంలో. మీరెవరూ చూడలేదా?" అంది. ఇంకోసారి సారు గబగబా వడ్రంగికి ఫోను చేశాడు. ఆ రోజు నుంచి ఆయన ఏదైనా అడగాలంటే "అమ్మా, ఆవిడైతే ఇక్కడ ఏం చేస్తుందంటారు?" అని అత్తయ్యనే అడిగేవాడు. ఆయన ఇంకోసారి అంటే ఈవిడ "ఎందుకూ? మొదటిదానికేమొచ్చింది?" అనేది. ఆయన నోరు మూయించిన మనిషిని మేం అప్పుడే చూడటం.

పొద్దుటి బస్సుకి ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. తుపాకీ గురిపెట్టడం, తలుపు తొయ్యడం, నిచ్చెన ఎక్కడం, గాయానికి కట్టు కట్టుకోవడం, ఏమీ చెయ్యకుండా ఊరికే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవడం కూడా తీశాం, ఓడలో ఇంజనీరమ్మ ఒంటరిగా కూర్చునే ఘట్టం కోసం. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు అత్తయ్య నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేది.

"ఏదీ, ఇవాళ్టివి పెట్టు."

పెట్టేదాన్ని. ఆవిడ రెప్పవెయ్యకుండా చూసేది. తెరమీద చేతులు బాబిన్ మార్చినంత అలవోకగా గుళ్ళ డబ్బా మార్చేవి.

"ఎంత కుదురుగా ఉన్నాయే నా చేతులు" అనేది. "మళ్ళీ పెట్టు."

ఈవిడకి సినిమా పిచ్చి పట్టిందని ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

కొన్నాళ్ళకి ఇస్త్రీ ప్రోగ్రాం మొరాయించడం మొదలుపెట్టింది. గీతలు మరీ నలిగి ఉంటే అది పక్కన ఎర్ర గుర్తు పెడుతుంది. అత్తయ్య తుపాకీ ఎత్తి పట్టుకున్న ప్రతి చోటా ఎర్ర గుర్తే. ఇంకోసారి సారు చూసి, "గ్లౌజులు పోయాయమ్మా. చెమటకి తీగలు పాడైపోయి ఉంటాయి. కొత్తవి తెప్పిస్తాను, ఈలోపు ఇస్త్రీ కాస్త గట్టిగా పెట్టు" అన్నాడు. ఆయనన్నది నాకూ సబబుగానే తోచింది. మా పనిలో గీత వణికితే తీగని తిడతాం గానీ చేతిని ఎవరు అనుమానిస్తారు? వేడి పెంచాను. గుర్తులు పోయాయి, చేతులు మళ్ళీ నున్నగా వచ్చాయి.

ఇంట్లో చూస్తే అత్తయ్యకి ఎండ అస్సలు పడటం లేదు. ఫ్యాను కింద కూర్చుని కూడా ధారలుగా చెమట. ఊరికే చిరాకు. గ్లాసు కింద పెడితే చప్పుడైందని మా ఆయన మీద విరుచుకుపడింది, పాపం ఆ గ్లాసు పెట్టింది నేను. తినడం మాత్రం మానలేదు, ఇంకా ఎక్కువే తింటోంది, కానీ మనిషి చిక్కిపోతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. "ఎండకి అందరం ఇలాగే ఉన్నాం లేవే" అనేది. సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చేది, కళ్ళు మసకలంది. మిషను మీద గుడ్డ కప్పింది, దుమ్ము పడుతోందంది. టీ కప్పు నిండుగా పోస్తే "సగం చాలు, వేడి" అనేది. అన్నిటికీ ఏదో ఒక జవాబు ఉండేది ఆవిడ దగ్గర, మేం నమ్మేవాళ్ళం.

కొత్త గ్లౌజులొచ్చాయి. ముందు నేను తొడుక్కుని చూశాను. తుపాకీ ఎత్తి పట్టుకున్నాను, గీతలు బుద్ధిగా వచ్చాయి, ఎర్ర గుర్తు లేదు. "హమ్మయ్య" అన్నాడు సారు. అవే గ్లౌజులు అత్తయ్య తొడుక్కుని తుపాకీ ఎత్తింది. తెర పక్కనంతా ఎర్రగా అయిపోయింది.

"ఛ, ఇవి కూడానా?" అన్నాడు సారు. "అమ్మా, ఇంకోసారి ఎత్తుతారా?"

అత్తయ్య ఎత్తలేదు. తుపాకీ బల్లమీద పెట్టి, గ్లౌజులు నెమ్మదిగా విప్పుకుని, "ఇవాళ ఒంట్లో బాలేదు సారూ, ఇంటికి పోతాను" అంది. నా వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఎందుకో ఇస్త్రీ ఆపి, ఆవిడ గీతల్ని వచ్చినవి వచ్చినట్టు తెరమీది చేతులకి తగిలించాను. చేతులు తుపాకీ ఎత్తాయి. సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. అంతకు ముందు వారానివి పెట్టాను. అవీ అంతే. మొదటి రోజువి పెట్టాను. తక్కువే గానీ ఉంది.  చివరికి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న ఘట్టం పెట్టాను, అందులో చేతులు కదలడం లేదు. అదెందుకో నాకర్థం కాలేదు. సారు దగ్గరికి వెళ్ళి రేపు సెలవు కావాలన్నాను. ఆయన నా మొహం చూసి ఎందుకని అడగలేదు.

ఇంటికెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. అత్తయ్య ముందు గదిలో, గుడ్డ కప్పిన మిషను ముందు కూర్చుని ఉంది. టీవీ కూడా పెట్టుకోలేదు. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.

"గ్లౌజులు పాడవలేదు కదూ?" అంది తనే.

"లేదత్తయ్యా."

"తెలుసు."

 ఆవిడ వీధిలోకి చూస్తూ చెప్పింది. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు చేతులు. తర్వాత తల. ఆఖరికి ముద్ద నోటిదాకా తెచ్చుకోలేకపోయేది, నేనే తినిపించేదాన్ని. అదేదో వణుకుడు రోగం. రక్తంలో వస్తుందిట. చలికాలంలో నాకు కత్తెర చేతిలో ఆడినప్పుడే తెలిసిపోయింది, నా వంతు వచ్చిందని. గుడ్డ వంకరగా తెగింది. నా జన్మలో గుడ్డ వంకరగా కొయ్యలేదే నేను!"

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారు? వాడు కుదేలైపోతాడు. నువ్వు మొహం వేలాడేసుకుని తిరుగుతావు. వీలైనన్నాళ్ళు దాచుకుందాం అనుకున్నాను. నువ్వు రమ్మన్నావు. సరే, గ్లౌజుల్లో ఎవరూ చూడరు కదా అని వచ్చాను. ఇంకేముంది, మొదటి రోజే బయటపడిపోతాననుకున్నాను. సాయంత్రం నువ్వు బొమ్మ పెట్టావు." ఆవిడ నా వైపు తిరిగింది. "వణకలేదే. ఒక్కటంటే ఒక్క చోట వణకలేదు. ఎంత బాగున్నాయే ఆ చేతులు! నేను లేచి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయినా ఫరవాలేదు, ఒక చోటంటూ నా చేతులు బాగున్నవి బాగున్నట్టు ఉండిపోతాయి అనుకున్నాను. అందుకే రోజూ వచ్చాను. నీ ఆట కోసం కాదు, నీ సారు కోసమూ కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఇస్త్రీ సంగతి చెప్పాను. గీతలు ఎలా వస్తాయో, మేం వాటిని ఎలా సాపు చేస్తామో, వేడి ఎందుకు పెంచామో. ఆవిడ అంతా విని, "అదా" అంది. "కుట్టకముందే ఇస్త్రీ చేశారన్నమాట" అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అన్నాను.

"నేను రాను. ఆ మాట ఇంకొకరి నోటితో వినలేను."

"మీరు రాకపోతే నేనిప్పుడే మీ అబ్బాయికి ఫోను చేస్తాను."

"బెదిరిస్తున్నావుటే నన్ను?"

"అవును."

"నీ నోరు పడ" అంది. మర్నాడు పొద్దున్నే తయారై గుమ్మంలో కూర్చుంది. మా ఆయనకి దారిలో చెప్పాను. వ్యాను పక్కకి ఆపి, కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. వెనకనుంచి అత్తయ్య, "పార్సిళ్ళు ఎవరిస్తారురా, నీ అత్తగారా? బండి పోనీ" అని గదిమింది.

డాక్టరమ్మకి మా ఆయన వయసుంటుంది. అత్తయ్య కూర్చోగానే, "చెప్పెయ్యండి, మా అమ్మకీ వచ్చింది, నేనేం భయపడను" అంది.  డాక్టరమ్మ ఆవిణ్ణి చేతులు ఒళ్ళో పెట్టుకుని వదులుగా ఉంచమంది. చూసింది. తర్వాత ముందుకి చాపమని, వేళ్ళమీద ఒక తెల్ల కాగితం పరిచింది. కాగితం అంచులు రెపరెపలాడాయి. అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు మళ్ళీ ఒళ్ళో పెట్టుకోండి. కళ్ళు తెరిచి చూడండి. మీ అమ్మగారికి ఎప్పుడు ఎక్కువ వణికేవి?"

"ఊరికే కూర్చున్నప్పుడు. చీర అంచు పట్టుకుని నలుపుతున్నట్టు ఉండేది. ఏదైనా పట్టుకుంటే కాస్త నయం."

"మీవి చూడండి."

అత్తయ్య తన ఒళ్ళోకి చూసుకుంది. చేతులు కదలకుండా పడి ఉన్నాయి. నాకు ఆ ఒంటరి ఘట్టం గుర్తొచ్చింది. డాక్టరమ్మకి ఆ సంగతి చెప్పాను, గ్లౌజుల గీతలూ, ఎర్ర గుర్తులూ, అన్నీ. ఆవిడకి వింతగానే ఉన్నట్టుంది, నేను ఫోన్లోకి ఎక్కించి తెచ్చిన తుపాకీ ఘట్టం, ఒళ్ళో చేతుల ఘట్టం రెండూ చూసింది. తర్వాత అత్తయ్య మెడ తడిమింది, నీళ్ళు ఒక గుక్క మింగమంది, నాడి చూసింది. ఎండ పడటం లేదా అంది, పడటం లేదని నేను చెప్పాను. తింటున్నారా అంది, బాగా అని మా ఆయన చెప్పాడు. చిరాకా అంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఎవరికి చిరాకు?" అంది అత్తయ్య కోపంగా. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ రక్తపరీక్ష రాసింది.

పరీక్ష ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకోవడం, చాపడం, మళ్ళీ ఒళ్ళో పెట్టుకోవడం. నేను వంట మాడ్చాను. మా ఆయన ఒకరి పార్సిలు ఇంకొకరికిచ్చి తిట్లు తిని వచ్చాడు.

"థైరాయిడండీ" అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "గొంతు దగ్గర ఒక గ్రంథి ఉంటుంది, అది ఉండాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తోంది. చెమటా, చిక్కిపోవడం, చిరాకూ, వణుకూ, అన్నీ దానివల్లే. మందులకి లొంగుతుంది."

"మా అమ్మది?"

"ఇది అది కాదు."

"కాదంటే... ముందు ముందు అది అవుతుందా?"

"ఇది వేరు, అది వేరు. మీ చేతుల్లో దాని జాడ ఏమీ కనపడలేదు నాకు. మాత్రలు వేసుకోండి. వణుకు తగ్గడానికి చిన్నదొకటి ఇస్తున్నాను, తేడా తొందరగానే తెలుస్తుంది. అసలు మందు మాత్రం నిదానంగా పనిచేస్తుంది, మానెయ్యకూడదు."

అత్తయ్య లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "కత్తెర పట్టుకోవచ్చా?" అంది.

"పట్టుకోండి. కొన్నాళ్ళాగి."

మా ఆయన వ్యాను నిలపడానికి చోటు దొరక్క కింద వీధిలోనే ఉండిపోయాడు. అత్తయ్య మెట్లు గబగబా దిగి, రోడ్డు అవతలనుంచే, "ఒరేయ్! గొంతులో గ్రంథి చెడిపోయిందటరా నాకు!" అని కేకపెట్టింది. లాటరీ తగిలినట్టు చెప్పిన ఆ మాటకి దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మా ఆయన వ్యాను దిగి పరిగెత్తుకొచ్చాడు. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పించుకుని, తల్లి భుజం మీద తల పెట్టి అంత మగాడూ భోరుమన్నాడు. "ఎందుకురా ఏడుస్తావు, బండి నడపాలి నువ్వు" అంటూ ఆవిడా ఏడ్చింది. నేనైతే ఫుట్‌పాత్ మీద చతికిలబడిపోయాను.  ఎండ మండిపోతోంది, అయినా ఎవరికీ అక్కడినుంచి కదలాలనిపించలేదు.

ఇంకోసారి సారుకి అంతా చెప్పాను. ఆటకి గడువు దగ్గర పడుతోంది, ఇంకా చివరి ఘట్టం మిగిలి ఉంది. ఇంజనీరమ్మ ఓడని ఒడ్డుకి చేర్చి, తుపాకీ విప్పి, మళ్ళీ వెల్డింగు మిషనుగా బిగించే ఘట్టం అది. ఇంకొకరి చేతులతో తీసెయ్యచ్చు. "ఆవిడ చేతులకే ఆగుదాం" అన్నాడాయన. పై వాళ్ళతో ఏం చెప్పుకున్నాడో, ఎన్ని తిట్లు తిన్నాడో మాకు చెప్పలేదు.

తొలి వానలు పడ్డ వారంలో అత్తయ్య మళ్ళీ మా ఆఫీసు మెట్లెక్కింది. కాస్త ఒళ్ళు చేసింది, కేకలు తగ్గాయి. గ్లౌజులు తొడుక్కుంది, ముక్కముక్కా విప్పింది, బిగించింది. తెర పక్కన ఎక్కడా ఎర్ర గుర్తు రాలేదు. సాయంత్రం ఎప్పటిలా నా పక్కన కూర్చుని, "ఇస్త్రీ చెయ్యకుండా పెట్టు" అంది. అలాగే పెట్టాను. మరమేకు బిగించే దగ్గర ఒక్కచోట వేలు తడబడింది, మళ్ళీ దారిలో పడింది. మామూలుగా ఎవరి చెయ్యయినా తడబడేంతే. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. ఆ ఒక్క ఘట్టం ఆటలో ఇప్పటికీ ఇస్త్రీ లేకుండానే ఉంది. సారు ఒప్పుకున్నాడు.

ఆట బయటికొచ్చిన రోజు కంపెనీ వాళ్ళు అందరికీ తలా ఒక కాపీ ఇచ్చారు, ఇంటికి తెచ్చి టీవీకి తగిలించాను. అప్పటికి ముందు గదిలో మిషను మళ్ళీ మొదలైంది. గుడ్డ తీసేసి, నూనె పోసి, పక్క వీధి వాళ్ళ దగ్గర్నుంచి కొన్ని యూనిఫారాలు దెబ్బలాడి మరీ వెనక్కి తెచ్చుకుంది. ఆ రోజు పని కట్టేసి మా మధ్యన కూర్చుని, "ఏదీ, ఆ రిమోటు ఇలా ఇవ్వు, నా చేతులు, నేనే ఆడతా" అంది. మా ఆయన ఏ గుండీ నొక్కితే ఏమవుతుందో చెప్పబోతే వినలేదు. "సీరియలంతా చూశానురా, నాకు తెలీదా?"

ఆట మొదలైంది. తెరమీద చేతులు లేచాయి, తుపాకీ గోడకేసి చూసింది, నేలకేసి చూసింది, మళ్ళీ గోడకేసి. అవతల బూడిదరంగు వాడొకడు తీరిగ్గా నడిచి వస్తున్నాడు. "అటు కాదు, ఇటు! ఇటు తిరగవే!" అని అత్తయ్య కుర్చీలో తనే తిరుగుతోంది. తుపాకీ పైకప్పుని కాల్చింది. వాడొచ్చి మీద పడ్డాడు, తెర నల్లబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆ చేతులు తలుపు తియ్యమంటే తుపాకీలో గుళ్ళు మార్చుకున్నాయి.

"ఓసి దీని దుంపతెగ! నా చేతులే కదే! నా చేతులే నా మాట వినకపోతే ఎలాగే?"

అనేసి టక్కున ఆగింది. మా ఆయన నా వంక చూశాడు.  అత్తయ్య తను అన్న మాట తనే విన్నట్టుగా కాసేపు కూర్చుంది. తర్వాత భుజాలు కదిలాయి, నవ్వు మొదలైంది. ఇక ఆపుకోలేకపోయింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, పొలమారింది. నీళ్ళు తెస్తానని లేచిన మా ఆయన మధ్యలో ఆగి తనూ నవ్వడం మొదలుపెట్టాడు. మేం ముగ్గురం నవ్వుతున్నంతసేపూ తెరమీద ఇంజనీరమ్మని చంపేవాళ్ళు చంపుతూనే ఉన్నారు, మాకెవరికీ పట్టలేదు.

నీళ్ళ గ్లాసు వచ్చింది. నిండుగా పోసి తెచ్చాడు. అత్తయ్య అందుకుని, చుక్క ఒలక్కుండా గటగటా తాగి, రిమోటు నా ఒళ్ళో పడేసింది.

"అవి వినకపోతే మానెలే" అంది, రెండు చేతులూ ఎదురుగా చాపి చూసుకుంటూ. "ఇవి వింటున్నాయి, నాకది చాలు."